తల దగ్గర చోటు వదులు

అమ్మలూ,

కావేరికి చేపలు పట్టడానికి వెళ్ళేలోగా ఫ్లై, అదే గాలానికి ఈకలూ దారం చుట్టి చేసే ఉత్తుత్తి పురుగు, నీ చేత్తోనే కట్టుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. సంబరంగా ఉంది, గుండె దడగానూ ఉంది. దడ సంగతే ముందు. కట్టకముందే గాలం మొన దగ్గరి ఎదురుముల్లుని పటకారుతో నొక్కేయ్. విరిగే గాలమైతే అప్పుడే విరుగుతుంది. అక్కడి మూపురం మహసీర్ చేపని 2018లో అంతరించిపోయే ముప్పు అత్యంత ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. అది పడితే నీళ్ళలోనే, క్షణాల్లో వదిలేయాలి. అభయారణ్యం హద్దుల్లో గాలం వెయ్యొద్దు. కళ్ళద్దాలు లేకుండా విసిరావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మొదట ఊలీ బగ్గర్ అనే రకం ఫ్లై కట్టు. పొడుగు కాడ ఉన్న 8వ నంబరు గాలాన్ని వైస్‌లో, అంటే గాలాన్ని కదలకుండా పట్టుకునే బిగింపు పరికరంలో, బిగించు. తోకకి మరబూ అనే మెత్తటి ఈక, గాలం కాడంత పొడుగు చాలు. ఎక్కువైతే వంపుకి చుట్టుకుంటుంది. తోక మొదట్లోనే సన్న రాగి తీగ, షెనీల్ అనే నూగు దారం కట్టి, షెనీల్‌ని ముందుకు చుట్టు.

ఎక్కడ ఆపాలి? దీన్ని రెండుసార్లు చదువు. గాలం కన్నుకి, అంటే నైలాన్ దారం కట్టే రంధ్రానికి, వెనక కన్ను పొడవుకి రెండింతల ఖాళీ ఉండాలి. ఇంకొక్క చుట్టు వేస్తే ఒళ్ళు నిండుగా ఉంటుందనిపిస్తుంది, అక్కడే అందరూ తప్పుతారు. ఆ కాస్త చోట్లోనే షెనీల్ కొస, ఈక కాడ, తీగ, చివరి ముడి అన్నీ పట్టాలి. ఒక్కోదానికీ మూడు నాలుగు చుట్ల దారం. చోటు చాలకపోతే దారం కన్ను మీదికెక్కుతుంది, ఈక పీచులు అందులో ఇరుక్కుంటాయి, నైలాన్ ముడి సరిగ్గా కూర్చోక చేప గుంజగానే జారుతుంది. చిన్నప్పుడు మల్లెలు దారం కొసదాకా కట్టేసి, ముడికి దారం లేక ఏడ్చేదానివి. మీ అమ్మమ్మ మూడు పూలు విప్పి ముడేసేది. ఇక్కడా అంతే, ఒక చుట్టు విప్పెయ్. అసలు దారం చుట్టడమే ఆ ఖాళీకి వెనకనుంచి మొదలుపెట్టు. ఒట్టి లోహం మెరుస్తున్నంత మేరా నీ హద్దు.

తర్వాత పుంజు మెడ ఈక. పీచు పొడవు గాలం నోటి వెడల్పుకి, అంటే మొనకీ కాడకీ మధ్య ఎడానికి, ఒకటిన్నర రెట్లు. కాడని తల దగ్గర కట్టి, ఎడంగా ఐదారు చుట్లు వెనక్కి తిప్పు. ఇప్పుడు తీగని ఎదురు దిశలో చుడుతూ, ఈక కాడ మీదుగా దాటిస్తూ ముందుకు తే. తీగ లేకుంటే ఈక ఒకచోట తెగినా మొత్తం విడిపోతుంది. తీగ కొసని కత్తెరతో కాదు, అటూ ఇటూ వంచి తెంపు. కోడి అంగడి ఈకైతే షాంపూతో కడిగి, బాగా ఆరబెట్టాకే డబ్బాలో పెట్టు, లేకుంటే పురుగు పడుతుంది.

చివరి ముడి విప్ ఫినిష్, దారం దాని మీదే చుట్టి కొసని లోపలికి లాగేది, ఐదు చుట్లు, ఒక బొట్టు వార్నిష్. ఆరకముందే కన్నులో సూది ఒకసారి దూర్చి తీసెయ్.

శనివారం మల్లేశ్వరం వచ్చెయ్. పారేద్దామనుకున్నవి కూడా పట్టుకురా, వాటి తలలు నేను చూడాలి.

మీ మామయ్య