ఆకు రాలితే బెంగపడకు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. కుండీ చుట్టూ అన్ని ఆకులు రాలితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ నీ వీపింగ్ ఫిగ్, అదే ఆ మర్రి కుటుంబపు కుండీ చెట్టు, చచ్చిపోవడం లేదమ్మా. అది పెరిగిన నర్సరీ వెలుతురు వేరు, నీ గది వెలుతురు వేరు. చోటు మారితే ఈ జాతి ఉన్న ఆకులు విదిల్చేసి, కొత్త వెలుతురుకు తగ్గ ఆకులు మళ్లీ వేసుకుంటుంది. నమ్మకం కుదరకపోతే కొమ్మ బెరడు మీద గోటితో కాస్త గీరి చూడు. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

దాహమేసిందేమోనని రోజూ చెంబెడు నీళ్లు మాత్రం పోయకు. నా మొదటి చెట్టుకు నేను చేసిన పని అదే. ఆకులు రాలేకొద్దీ పోశాను. చివరికి కుండీలోంచి తీసి చూస్తే వేళ్లన్నీ నల్లగా కుళ్లి ఉన్నాయి. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఆకులు తగ్గిన చెట్టు తాగేదీ తక్కువే కదా! వేలు ఒక కణుపు లోతు మట్టిలో గుచ్చు. పొడిగా తగిలితేనే, అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయాలి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోసెయ్.

వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్కన పెట్టు. లేత ఎండ పరవాలేదు, అద్దంలోంచి పడే మిట్టమధ్యాహ్నపు ఎండ ఆకుల్ని మాడుస్తుంది. ఏసీ గాలి, హీటర్ వేడి నేరుగా తగలకూడదు. 12 డిగ్రీల కంటే చల్లబడినా ఓర్చుకోలేదు. ఒకసారి చోటు కుదిరాక గది సర్దినప్పుడల్లా జరపొద్దు. ఇది నా మాటగా గట్టిగా గుర్తుపెట్టుకో.

నీ చెట్టుకు కాండాలు జడలా అల్లి ఉన్నాయి. అవి రెండు మూడు మొక్కలు. కట్టిన తాడో తీగో లోపల ఉండిపోయిందేమో వెతికి తీసెయ్, లేకపోతే లావెక్కేకొద్దీ బెరడును కోసేస్తుంది.

ఆకులు జిగటగా తగిలితే వాటి వెనక పొలుసు పురుగులో పిండినల్లో ఉంటాయి. తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడువు. కొమ్మ కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకో. మర్రి, రావిలాగే దీనికీ పాలు కారతాయి, ఒంటికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. పిల్లీ కుక్కా ఆకులు నమలకుండా చూడు, వాటికి పడదు.

నేలలో నాటుదామా అన్నావు. ఇంటి దగ్గర వద్దు. నేలలో ఇది 30 మీటర్ల దాకా ఎదిగే మహావృక్షం. బ్యాంకాక్ నగరానికి అధికారిక వృక్షం కూడా ఇదే. వేళ్లు నడకదారిని పైకి లేపుతాయి, పైపుల్లో దూరుతాయి.

ఎరువు, కుండీ మార్చడం ఇప్పుడే వద్దు. కొమ్మ చివర సూదిలా మొనదేలిన చిగురు కనిపించి, విచ్చుకున్నాక మొదలుపెడదాం. అది కనిపించిన రోజు నాకు ఫొటో పంపు.

నీ పెద్దమ్మ