చమురు, గ్యాస్ తీయడం, తరలించడం వల్ల పర్యావరణానికి నిజంగా జరిగే నష్టం ఏమిటి?

కోనసీమనే తీసుకుందాం. చాలామందికి ముందు గుర్తొచ్చేది పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి అంటుకుంది, ఆర్పడానికి 65 రోజులు పట్టింది. బావి ఇలా అదుపు తప్పి ఎగదన్నే అంతటి బ్లోఅవుట్లు అరుదు. నన్ను ఎక్కువ భయపెట్టేవి మాత్రం భూమిలో కనపడకుండా తుప్పు పట్టే గొట్టాలు.

మామిడికుదురు మండలంలోని నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు కాలిపోయాయి, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. బావిలోంచి వచ్చే గ్యాస్‌లో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటాయి. వాటిని తీసేయకుండా పంపితే నీరు గొట్టం అడుగున చేరుతుంది, అందులో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం ఉక్కును లోపలినుంచి తినేస్తుంది. పైన నడిచేవాళ్లకు ఏమీ తెలియదు. పొడి గ్యాస్ కోసం వేసిన ఆ లైన్లో తడి గ్యాస్ పంపారని విచారణలో బయటపడింది. అంటే ఇది తప్పించగలిగిన ప్రమాదమే!

చమురుతోపాటు పైకొచ్చే ఉప్పునీరు మరో బెడద. దాన్ని శుద్ధి చేసి తిరిగి లోతు పొరల్లోకి ఎక్కించాలి. పంటకాలువలోకి వదిలితే వరిచేలు చౌడుబారతాయి. తీరం దగ్గర ఆక్వా చెరువులూ ఉప్పును పెంచుతాయి కాబట్టి, కారణం తేల్చాలంటే బోరునీటికి ఏటా పరీక్ష చేయించాల్సిందే.

సహజవాయువులో ఎక్కువ భాగం ఉండేది మీథేన్. లీకయ్యే మీథేన్ సంగతి కూడా చిన్నది కాదు: 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.