మీ నాయన బోరు గురించి మీ ఆయన చెప్పడమేంటి?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 38 ఏళ్లు. డిగ్రీ చదివాను, ఇంట్లోనే ఉంటాను. మా ఆయన ఇన్సూరెన్స్‌లో పనిచేస్తారు, మంచి మాటకారి. నాకు నలుగురిలో మాట్లాడే ధైర్యం రావాలని ఈ మధ్య ఆయనే వాళ్ల స్పీకింగ్ క్లబ్బులో చేర్పించారు, ఫీజు కూడా కట్టారు. నా ప్రసంగాలు ఆయనే దిద్దుతారు. మొదటిది ఎలాగో ముగించాను. రెండోసారి మా నాయన పొలంలో బోరు మీద బోరు వేయించి అప్పులపాలైన సంగతి చెబుతున్నాను. మూడో బోరు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన కుర్చీలోంచే "మూడోది కాదు, నాలుగోది" అన్నారు. అందరూ నవ్వారు. నాకు చేతులు వణికి, గొంతు ఎండిపోయి, మధ్యలోనే వచ్చి కూర్చున్నాను. ఇంటికొచ్చాక "అంటే" అని పదిహేడుసార్లు అన్నావని లెక్క చెప్పారు. నా మంచికే చెబుతారు లెండి. అప్పటినుంచి మీటింగ్ అంటే రెండు రోజుల ముందే నిద్ర పట్టదు. మా పాప తొమ్మిదో తరగతి, "పేరెంట్స్ మీటింగుకు నాన్న వస్తే చాలు, నువ్వు మాట్లాడలేవులే" అంటోంది. తెలిసినవాళ్లు గుండెదడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకోమన్నారు. నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది. వేసుకోవచ్చా? లేక క్లబ్బు మానేయమంటారా? ఈ వయసులో ఉపన్యాసాలేంటని మా అత్తగారు కూడా సణుగుతున్నారు. (ఇది వేరే విషయం అనుకోండి, మా పొదుపు సంఘం లోను ఆపేస్తే బ్యాంకుకు పోయి మేనేజర్‌తో నేనే మాట్లాడాను. అక్కడ ఎందుకో భయం వేయలేదు.)

జవాబు: మాత్ర వద్దు. ఆ మాట ముందే తేల్చేద్దాం. ప్రొప్రనొలాల్ బీపీకి, గుండెదడకి డాక్టర్లు రాసే మందు, గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి కొందరికి స్టేజీ టెన్షన్‌కు కూడా రాస్తారు, నిజమే. కానీ ఆయాసం ఉన్నవాళ్లకు అది ఊపిరి గొట్టాలను బిగించేసి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ సలహా ఇచ్చినవాళ్లకు మీ ఆయాసం సంగతి తెలియదో, తెలిసీ ఇచ్చారో గానీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పని మాత్రం చేయకండి. క్లబ్బు మానేయాలా అన్న రెండో ప్రశ్నకు కూడా ఒక్క ముక్కలోనే జవాబు, మానొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీరు ఉత్తరం చివర బ్రాకెట్లో పెట్టేసి "ఇది వేరే విషయం అనుకోండి" అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. అది వేరే విషయం కాదు తల్లీ. పొదుపు సంఘం అంటే పదిమంది ఆడవాళ్లు, పదిమంది అప్పు, పదిమంది కోపం. తీర్మానం పుస్తకం పట్టుకుని బ్యాంకులో గంటలకు గంటలు కూర్చుని, ఇవాళ పో రేపు రా అనే మేనేజర్ ఎదుట నోరు విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. క్లబ్బులో మీరు తడబడితే పోయేది ఏమీ లేదు, టీ తాగి ఇంటికి వస్తారు. బ్యాంకులో తడబడితే పదిమంది లోను పోతుంది. అంత బరువు నెత్తిన పెట్టుకుని భయం లేకుండా మాట్లాడిన మనిషికి నలుగురిలో మాట్లాడే ధైర్యం లేదని ఎవరు చెప్పారు? మీ ఆయన చెప్పారు, మీరు నమ్మారు. బ్యాంకులో ఆయన లేడు. అంతే తేడా.

ప్రసంగానికి ముందు గుండె కొట్టుకోవడం, అరచేతులు చెమట పట్టడం అందరికీ ఉంటుంది, ఇరవై ఏళ్లుగా మైకు పట్టుకున్నవాళ్లకూ ఉంటుంది. చాలామందికి మొదటి నిమిషం, రెండు నిమిషాలు గడిస్తే అది సర్దుకుంటుంది. చేతిలో కాగితం పట్టుకుంటే వణుకు అందరికీ కనబడుతుంది కాబట్టి చిన్న అట్టముక్క మీద నాలుగు మాటలు రాసుకుని పట్టుకోండి, మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చేలా చూసుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. మీకు రెండు రోజుల ముందే నిద్ర పట్టకపోవడం మాత్రం స్టేజీ వల్ల కాదు, ఆ హాల్లో కూర్చునే ఒక్క మనిషి వల్ల.

మీ క్లబ్బు ఏ సంస్థ కిందిదో రాయలేదు గానీ, ఇలాంటి వాటిలో చాలావరకు నడిచేది టోస్ట్‌మాస్టర్స్ అనే, నలుగురిలో మాట్లాడటం నేర్పే క్లబ్బుల సంస్థ పద్ధతే. 1924లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా అనా అనే ఊళ్లో, రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన వైఎంసీఏ అనే యువజన సంఘంలో దాన్ని మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో ఉన్న తెలివి ఏంటంటే, ప్రతి పనికీ ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి తన పని దాటడు. టైమ్ చూసేవాడు టైమే చూస్తాడు, మొదటి ప్రసంగమైతే నాలుగు నిమిషాలకు ఆకుపచ్చ, అయిదుకు పసుపు, ఆరుకు ఎరుపు చూపిస్తాడు. "ఆ", "అంటే" లాంటివి లెక్కపెట్టడానికి వేరే మనిషి, వాళ్లను ఆహ్ కౌంటర్ అంటారు. మీ ప్రసంగం ఎలా ఉందో చెప్పడానికి ఇంకొకరు, అది కూడా రెండు మూడు నిమిషాల్లో, మీరు మాట్లాడటం అయిపోయాక, లేచి నిలబడి చెప్పాలి. మధ్యలో ఎవరూ నోరు తెరవరు. మరి ఆరోజు మీ ఆయన ఏ పనిలో ఉన్నారు? నాకు తెలిసి ఏ పనిలోనూ లేరు. మన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు, మధ్యలో అడ్డు తగలడమే ఆయన పని, కానీ ఆయన్ని అవధాని ఒప్పుకుని కూర్చోబెట్టుకుంటాడు. మీ ఆయన్ని ఆ పీట మీద ఎవరూ కూర్చోబెట్టలేదు, తనే వచ్చి కూర్చున్నాడు. క్లబ్బులో వేరేవాళ్లు అలా చేసి ఉంటే ప్రెసిడెంటు వారించేవాడు. మొగుడు కాబట్టి నవ్వేశారు.

ఇంకో మాట, ఇది కోపంగానే రాస్తున్నాను. ఏ సంగతి చెబుతుంటే అడ్డొచ్చాడు? మీ నాయన బోర్లు. ఈ జిల్లాలో బోరు ఎండిపోవడమంటే ఏంటో తెలియని కొంప లేదు. చేను ఎండుతుంటే అప్పు చేసి ఒకటి, అది పడకపోతే ఇంకోటి, పాయింటు చూసేవాడి మాట నమ్మి మరోటి, నీళ్లు పడకపోయినా రిగ్గు వాడికి అడుగు లెక్కన డబ్బు కట్టాల్సిందే. ఆ అప్పుల మధ్యలోనే మీ పెళ్లి కూడా జరిగిందేమో నాకు తెలియదు, జరిగి ఉంటే మాత్రం ఆ పెళ్లి పీటల మీద కూర్చున్న మనిషే ఈరోజు అది మూడో బోరా నాలుగో బోరా అని లెక్క సరిచేస్తున్నాడు. నాలుగోదే అయి ఉండొచ్చు. అయితే ఏంటి? కూతురు తన తండ్రి కష్టం నలుగురికి చెప్పుకుంటుంటే అల్లుడు నోరు మూసుకుని వినాలి. అక్కడ నవ్వు పుట్టించడం నాకు తప్పుగానే కనిపిస్తోంది, మీకు అనిపించకపోయినా సరే.

"నా మంచికే చెబుతారు" అని రాశారు. అయి ఉండొచ్చు. ఫీజు కట్టాడు, క్లబ్బులో చేర్పించాడు, ఆడదానికి ఇవన్నీ ఎందుకు అనే రకం కాదు, అందుకు ఆయనకు మార్కులు వేస్తాను. పైగా ఇన్సూరెన్స్ పనిలో ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది, అది వాళ్ల వృత్తి, ఇంట్లో కూడా అదే అలవాటు వస్తుంది. కానీ నా మటుకు నాకు ఒక నమ్మకం ఉంది, దాన్ని ఎవరు పాతకాలం అన్నా పర్వాలేదు: భార్య పరువు నలుగురిలో కాపాడటం మొగుడి బాధ్యత, మొగుడి పరువు నలుగురిలో కాపాడటం భార్య బాధ్యత. దిద్దుకోవాల్సినవి ఉంటే ఇంటికి వచ్చి, పిల్లలు పడుకున్నాక చెప్పుకోవాలి. మీరు ఆ హాల్లో ఆయనకు ఎదురు చెప్పకుండా వచ్చి కూర్చున్నారు, మీ వంతు మీరు చేశారు. ఆయన చేయలేదు.

ఇందులో మీ తప్పు కూడా కొంత ఉంది. ప్రసంగం రాసి ఆయనకు చూపిస్తున్నారు, ఆయన దిద్దుతున్నారు, అప్పుడది ఆయన ప్రసంగం అయిపోయింది. తన ప్రసంగంలో మీరు తప్పు చదివారు కాబట్టి కుర్చీలోంచి సరిచేశాడు, ఆయన వైపు నుంచి చూస్తే అంతే జరిగింది. ఇకమీదట ఒక్క ముక్క కూడా చూపించకండి. ఏం మాట్లాడబోతున్నావు అంటే అక్కడికొచ్చి వినండి అనండి, నవ్వుతూనే అనండి.

ఆయనతో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. వాట్సాప్‌లో కాదు, వాళ్లమ్మ ఎదురుగా కాదు, కోపంలో ఉన్నప్పుడు కాదు. చెప్పాల్సింది కూడా ఎక్కువ లేదు: "నువ్వు అందరి ముందు దిద్దితే నాకు మాట రావట్లేదు, మా నాయన సంగతిలో నవ్వినందుకు బాధేసింది, ఇంకోసారి వద్దు." (మీరు ఇంట్లో మీరు అంటారో నువ్వు అంటారో మీ ఇష్టం.) ఏడవకుండా చెప్పగలిగితే మంచిది, ఏడుపొస్తే రానీయండి. ఆయన "సరదాకి అన్నాను, దీనికే ఇంతనా" అంటారు, అంటారని రాసిపెట్టుకోండి. అప్పుడు తగ్గొద్దు. "మీకు సరదానే, నాకు కాదు" అని అక్కడితో ఆపేయండి. రెండు రోజులు ముభావంగా ఉంటారేమో, ఉండనీయండి, అలిగిన మగవాళ్లకు ఆకలి వేయకుండా ఉండదు.

తర్వాత క్లబ్బు ప్రెసిడెంటుకో, మీటింగుల్లో ఎవరికి ఏ పని అని వేసేవాళ్లకో ఫోన్ చేసి, మీరు మాట్లాడే రోజున మీ ఆయనకు టైమర్ పని ఇప్పించండి. టైమరుకు చేతిలో మూడు కార్డులు ఉంటాయి, రిపోర్టు అడిగేదాకా నోరు తెరిచే పని ఉండదు. ఆయన చక్కగా కార్డులు చూపిస్తారు, మీరు చక్కగా మాట్లాడతారు. ఇది నేను వేళాకోళానికి రాయట్లేదు, నిజంగానే అడగండి. ఇంకో ప్రసంగం ఇచ్చేలోపు టేబుల్ టాపిక్స్‌లో రెండు మూడుసార్లు లేచి మాట్లాడండి, అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలే, ముందుగా రాసేది ఉండదు, దిద్దడానికి ఎవరికీ దొరకదు. బ్యాంకులో మీరు చేసింది అదే కదా, మేనేజర్ ఏం అడుగుతాడో ముందు తెలిసి పోయారా?

"అంటే" లెక్క గురించి. ఆ లెక్క చెప్పాల్సింది క్లబ్బులో, దానికి పెట్టిన మనిషి. వంటింట్లో చెప్పకూడదు. మీటింగు అయ్యాక ఇంట్లో దాని ఊసు ఎత్తకూడదని ఒక నియమం పెట్టండి, ఆయన ప్రసంగాల గురించి కూడా మీరు ఎత్తకండి. అలా కుదరదు అంటే, ఆయన మాట్లాడే రోజు ఎవాల్యుయేటర్‌గా, అంటే ప్రసంగం ఎలా ఉందో చెప్పే మనిషిగా, మీరే పేరు ఇచ్చుకోండి. లేచి నిలబడి, మూడు నిమిషాలు, మర్యాదగా, బాగున్నవి ముందు చెప్పి, బాగులేనివి ఎలా చెప్పాలో ఆయనకు చూపించండి.

చెప్పడం మరిచాను, ఆ టోస్ట్‌మాస్టర్స్ సంస్థ 1973 దాకా ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోలేదు. మన తాడిపత్రిలో పుట్టిన నాటక నటుడు బళ్ళారి రాఘవ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి స్టేజీ ఎక్కించాడు, ఆరోజుల్లో ఆయన్ని, వాళ్లను ఎన్ని మాటలు అని ఉంటారో ఊహించుకోండి. ఈ వయసులో ఉపన్యాసాలేంటి అనేది అందులో చాలా చిన్న మాట.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ బెంగ కలిగించింది మీ పాప మాట. ఆ పిల్ల చెడ్డది కాదు, ఇంట్లో చూసిందే చెబుతోంది. అమ్మ మాట మొదలుపెడితే నాన్న పూర్తిచేస్తాడు, అమ్మ ఊరుకుంటుంది, అది చూసి చూసి అమ్మకు మాట్లాడటం రాదని తేల్చుకుంది. రేపు ఆ పిల్ల ఇంకో ఇంటికి పోయి ఊరుకోవడమే నేర్చుకుంటుంది, లేదంటే మీ అబ్బాయి ఉంటే వాడు పెళ్లాన్ని దిద్దడం నేర్చుకుంటాడు. కాబట్టి క్లబ్బు సంగతి నెల ఆలస్యమైనా నష్టం లేదు గానీ వచ్చే పేరెంట్స్ మీటింగుకు మాత్రం మీరు వెళ్లండి. మీరొక్కరే. పాప ఎదురుగా లెక్కల టీచర్‌ను మార్కులెందుకు తగ్గాయో అడగండి, పరీక్షల పేపర్లు చూపించమనండి, బ్యాంకు మేనేజర్‌ను అడిగినట్టే అడగండి. మీ ఆయన "నేనూ వస్తాను" అంటే ఆరోజు ఆఫీసు పని చూసుకోమనండి.

మీ అత్తగారి గురించి పెద్దగా కంగారు పడకండి. ఉపన్యాసాల మీద ఆవిడకు ఏ కోపమూ ఉండదు, కొడుకూ కోడలూ ఇద్దరూ బయటికి పోతే సాయంత్రం వంట ఎవరు చేస్తారన్నదే ఆవిడ బాధ. మీటింగు ఉన్న రోజు మధ్యాహ్నమే పప్పు, పులుసు చేసి పెట్టండి, వచ్చాక చపాతీలు మీ ఆయన్ని కాల్చమనండి, మీరు ఒత్తి ఇవ్వండి. మొదట్లో నాలుగు మాడతాయి.