బ్లో ఆఫ్ వాల్వ్ గాలిని బయటికి వదలాలా, తిరిగి లోపలికి పంపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: సెకండ్ హ్యాండ్‌లో పాత 1.8 టర్బో పెట్రోల్ ఆక్టావియా కొన్నారు. ముందు ఓనర్ దానికి టర్బో నెట్టిన అదనపు గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ పెట్టించాడు. మారతహళ్లి ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి బ్రేక్ వేయగానే ఇంజిన్ ఆగిపోతోంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తోంది. ఒక మెకానిక్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మార్చాలన్నాడు, ఇంకొకాయన వాల్వ్‌ని రీసర్క్యులేట్ చేస్తే, అంటే ఆ గాలి తిరిగి లోపలికే వెళ్లేలా కలిపితే చాలన్నాడు.

రెండో ఆయన మాట వినండి. నాదీ అదే ఇంజిన్, నేనూ బెంగళూరులోనే నడుపుతున్నాను, నా కారు కూడా ఇలాంటి వాల్వ్‌తోనే చేతికొచ్చింది. ఈసీయూ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి.

ముందు ఆ గాలి సంగతి చూద్దాం. ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే తలుపు, మూసుకుంటుంది, కానీ గాలిని ఒత్తి నెట్టే టర్బో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అది నెట్టిన గాలికి ముందు దారి లేక వెనక్కి తన్ని కంప్రెసర్ చక్రానికి కొడుతుంది. దీన్నే సర్జ్ అంటారు. ఇది ఎప్పుడూ జరుగుతుంటే టర్బో బేరింగులకు మంచిది కాదు. అందుకే కంపెనీ ఒక డైవర్టర్ వాల్వ్ పెడుతుంది. థ్రాటిల్ మూసుకోగానే ఇంజిన్ వ్యాక్యూమ్ దాన్ని తెరుస్తుంది, ఎక్కువైన గాలి టర్బోకి ముందున్న పైపులోకి తిరిగి వెళ్తుంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన. చెన్నైలో ఇచ్చే పవర్ ఇక్కడ ఇవ్వాలంటే టర్బో ఇంకొంచెం ఎక్కువ తిరగాలి. కాబట్టి వాల్వ్ అసలు లేకుండా నడపమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు.

ఇక మీ బండి ఎందుకు ఆగిపోతోందో. ఈ ఇంజిన్‌లో ఫిల్టర్ డబ్బా దాటగానే మాఫ్ సెన్సర్ ఉంటుంది. లోపలికి వచ్చే గాలిని అక్కడ కొలిచి, ఆ కొలతను బట్టి ఈసీయూ పెట్రోల్ కొడుతుంది. పెళ్లిలో గుమ్మం దగ్గర మనుషుల్ని లెక్కపెట్టి విస్తళ్లు వేయించాక కొందరు పక్క తలుపు నుంచి వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. లెక్కలోకి వచ్చిన గాలి వాల్వ్ నుంచి బయటికి పోయింది, దాని వంతు పెట్రోల్ మాత్రం సిలిండర్‌లోకి వచ్చింది. కాలు పూర్తిగా తీసి గేరులోనే బండిని పోనిస్తే ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది కాబట్టి తేడా అంతగా తెలియదు. గేరు మార్చేటప్పుడు, క్లచ్ తొక్కి ఐడ్లింగ్‌లోకి దిగేటప్పుడు మాత్రం మిశ్రమం రిచ్ అయిపోతుంది, అంటే గాలికి మించి పెట్రోల్ ఉంటుంది. ఆర్‌పీఎం కిందికి జారి ఇంజిన్ ఆగుతుంది. ఆగకపోయినా ప్లగ్గులు నల్లబడతాయి, కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని వేడెక్కించి పాడు చేస్తుంది. అది మార్చడానికయ్యే ఖర్చు ముందు ఈ వాల్వ్ ఖర్చు ఏ మూలకూ రాదు.

చాలామంది మాట్లాడని ఇబ్బంది ఇంకొకటి ఉంది. నా కారులో ముఖ్యంగా వేధించింది అదే. బయటి వాల్వ్‌లో స్ప్రింగ్ మెత్తగా ఉంటే ఐడ్లింగ్‌లో ఉండే వ్యాక్యూమ్‌కే అది కొంచెం తెరుచుకుంటుంది. ఆ సమయంలో పైపులో బూస్ట్, అంటే టర్బో ఇచ్చే ప్రెషర్, ఉండదు కాబట్టి గాలి బయటికి పోదు, బయటి గాలే లోపలికి వస్తుంది. అది మాఫ్ కొలవని గాలి, ఫిల్టర్ చేయని గాలి. సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతుండేది. వాల్వ్ విప్పి చూస్తే నోటి లోపలి అంచు చుట్టూ నూనె తడికి అంటుకుని ఎర్రటి సన్నటి దుమ్ము పేరుకుని ఉంది, వేలితో రాస్తే గరగరలాడింది. అవుటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల దుమ్ము ఫిల్టర్‌తో పని లేకుండా నేరుగా సిలిండర్లలోకి వెళ్తోందన్నమాట. అది చూశాక ఆ వాల్వ్‌ని అలాగే ఉంచడానికి నాకు మనసొప్పలేదు. రీసర్క్యులేట్ చేస్తే ఈ బాధ కూడా పోతుంది. వాల్వ్ కాస్త తెరుచుకున్నా లోపలికి వచ్చేది కొలిచిన, వడకట్టిన గాలే.

పనిలోకి వస్తే, మీ వాల్వ్‌కి గాలి బయటికి పోయే మూతి దగ్గర గొట్టం బిగించే వీలుందో లేదో చూడండి. కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి బాకాలాంటి మూత మాత్రమే ఉంటుంది. వీలు లేకపోతే దానితో కుస్తీ పట్టకుండా మామూలు డైవర్టర్ వాల్వ్ కొనేయండి. నేను చేసింది అదే. బాష్ తయారుచేసే 710ఎన్ వాల్వ్ ఈ ఇంజిన్‌కి సరిగ్గా కూర్చుంటుంది, మామూలు దానికంటే డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) గట్టిది. పార్ట్ నంబర్ 06ఏ145710ఎన్. జేసీ రోడ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడిగేటప్పుడు నంబర్ చెప్పండి, ఊరికే బ్లో ఆఫ్ వాల్వ్ అంటే మళ్లీ గాలిని బయటికి వదులుతూ బుస్సుమని చప్పుడు చేసేదే చేతిలో పెడతారు.

వెనక్కి వెళ్లే గొట్టం ఎక్కడ కలుస్తుందన్నదే అసలు విషయం. మాఫ్ సెన్సర్ తర్వాత, టర్బోకి ముందు, ఆ రెండింటి మధ్యే కలవాలి. ఫిల్టర్‌కీ మాఫ్‌కీ మధ్యలో కలిపితే అదే గాలి రెండోసారి లెక్కలోకి వస్తుంది, రోగం తగ్గదు సరికదా పెరుగుతుంది. మీ కారులో టర్బోకి వెళ్లే లావు రబ్బరు పైపుకి కంపెనీ ఇచ్చిన మూతి ఉండి ఉంటుంది. ముందు ఓనర్ దానికి ఏదో బిరడా కొట్టి ఉంటాడు. నా కారులో రబ్బరు బిరడా ఎండి చీలిపోయి అక్కడా గాలి పీలుస్తుండేది. దాన్ని తీసేసి, 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం వేయండి. గొట్టం నూనెకు తట్టుకునేదై ఉండాలి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) నుంచి వచ్చే నూనె ఆవిరి ఈ దారిలోనే తిరుగుతుంది, మామూలు సిలికాన్ గొట్టాలు కొన్నాళ్లకు నూనె పీల్చి మెత్తబడతాయి. రంగు రంగుల సిలికాన్ చూసి మోజు పడకండి.

వాల్వ్ తలకు వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ గొట్టం కూడా కొత్తది వేయించండి. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి, అంటే థ్రాటిల్ తర్వాత నుంచి రావాలి. బ్రేక్ బూస్టర్ గొట్టానికి టీ ఆకారపు జాయింట్ వేసి కలుపుతామంటే ససేమిరా ఒప్పుకోవద్దు. కంపెనీ అమరికలో మధ్యలో ఎన్249 అనే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) ఉంటుంది, దాన్ని పీకేసి ఉంటే తిరిగి కలిపించండి. పాత వాల్వ్ బాగుందో లేదో తెలియాలంటే ఆ సన్న మూతికి చేతి వ్యాక్యూమ్ పంపు పెట్టి లాగండి. ముల్లు నిలబడితే డయాఫ్రమ్ బాగున్నట్టు, మెల్లగా పడిపోతే చిరిగినట్టు.

లీకుల కోసం ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి సబ్బు నీళ్లు పోస్తే బుడగలు రావు, అప్పుడు పైపుల్లో ప్రెషరే ఉండదు. ఇంజిన్ ఆపి, టర్బో ముందు పైపు మూసి తక్కువ ప్రెషర్‌లో గాలి నింపి చూడాలి, లేదా పైపుల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తోందో చూసే స్మోక్ టెస్ట్ చేయించాలి.

మార్పు నా కారులో వెంటనే తెలిసింది. ఇంజిన్ ఆగడం పోయింది, పెట్రోల్ వాసన పోయింది, గేరు మార్చాక పికప్ అందుకోవడం కూడా నున్నగా అయింది. చప్పుడు మాత్రం పోతుంది. ఆ చప్పుడు బాగుంటుంది, కాదనను. కానీ రోజూ పిల్లల్ని బడికి తీసుకెళ్లే కారు సిగ్నల్ మధ్యలో ఆగిపోకూడదు. అదీకాక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపం మార్చడాన్ని ఒప్పుకోదు. మిశ్రమం రిచ్‌గా ఉంటే పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువ చూపిస్తుంది.

వేరే కారు ఉండి ఇది చదివేవాళ్లకు ఒక మాట. మాఫ్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌తో మాత్రమే లెక్కకట్టే కార్లలో గాలిని బయటికి వదిలినా పెట్రోల్ లెక్క ఇంతగా తప్పదు. దుమ్ము సమస్య అక్కడా ఉంటుంది. డీజిల్ కారుకి బ్లో ఆఫ్ వాల్వ్ పెడతామని ఎవరైనా వస్తే పంపించేయండి. పెట్రోల్ ఇంజిన్‌లా కాలు తీయగానే థ్రాటిల్ మూసుకోవడం అక్కడ ఉండదు, అది చప్పుడు కోసం పెట్టే సామాను మాత్రమే.

అన్నీ బిగించాక కూడా బండి ఆగితే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించి, స్కానర్‌లో 032 గ్రూపు తెరవండి, ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో అక్కడ కనిపిస్తుంది. మొదటి అంకె ఐడ్లింగ్‌ది, రెండోది నడిపేటప్పటిది. మొదటిది బాగా ప్లస్‌లో ఉంటే ఇంకా ఎక్కడో గాలి లీకవుతోంది. రెండూ మైనస్‌లో ఉంటే మాఫ్‌ని అనుమానించాలి. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.