సంగీతం టీచర్ కావాలంటే బి.ఎడ్. ఉండాలా?

అన్నిచోట్లా అక్కర్లేదు, కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీతం టీచర్‌కి 50 శాతం మార్కులతో ఇంటర్, సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత, హిందీ, ఇంగ్లీషుల్లో బోధించే సామర్థ్యం అడుగుతారు. పాడటం, వాయించడం కాగితం మీద తేలేవి కావు కాబట్టి ఎంపికలో ప్రదర్శన పరీక్ష కూడా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ బడులకు మాత్రం ఆయా నోటిఫికేషన్‌లో ఉన్నదే లెక్క. ఇంట్లో పిల్లలకు నేర్పడానికి ఏ పట్టా అవసరం లేదు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే తెలుగమ్మాయి విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాలలో చేరిందనుకుందాం (ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కళాశాల అది). నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. ఆరేళ్లు కష్టపడి నేర్చుకున్నా, వాటిని డిగ్రీతో సమానంగా చూస్తారో లేదో దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. మహారాష్ట్ర వైపు సిరొంచ, నాందేడ్‌లలో గాంధర్వ మహావిద్యాలయ మండల్ పెట్టే ‘విశారద’ అనే సంగీత పరీక్ష పాసైతే డిగ్రీ వచ్చినట్టే అనుకుంటారు. మండల్ విశ్వవిద్యాలయం కాదు, పరీక్షలు నిర్వహించే సంస్థ. విశారదకు విలువ ఉంది, కానీ అది డిగ్రీతో సమానమని ఒప్పుకోవాల్సింది ఉద్యోగమిచ్చేవాళ్లు.