బడి పక్కన బడ్డీ వద్దు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా మరిది పోక్సో కేసులో ఐదేళ్లు శిక్ష పడి, విశాఖ సెంట్రల్ జైలు నుంచి పోయిన నెల ఇంటికొచ్చాడు. అప్పట్లో సెల్‌లో గేమ్స్ ఆడుకోమని పొరుగింటి పాపని లోపలికి పిలిచేవాడు. మాకు తొమ్మిదేళ్ల కూతురు. మా ఆయన చెన్నైలో సెంటరింగ్ పని చేస్తారు, పండగలకే వస్తారు. మా అత్తగారు "ఆడు మారిపోనాడే, అమ్మోరి ముందు కూకోని ఏడుత్తన్నాడు" అంటున్నారు. బడి పక్కనే బడ్డీ పెట్టిద్దామని చూస్తున్నారు. మా ఆయనేమో ఏదో ఇంజెక్షన్ ఉందట, చేయిస్తే సరి అంటున్నారు. అతను మారాడో లేదో ఎలా తెలుస్తుంది? నిద్ర పట్టడం లేదు.
- ఓ తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ బడ్డీ ఆపించండి. ఈ వారమే. జీళ్లు, చాక్లెట్లు, చేతిలో సెల్లు. బడి గంట కొడితే పిల్లలంతా వచ్చి అతని ముందే నిలబడతారు. తాగుడు మానినవాడికి సారా కొట్టు పెట్టి ఇచ్చినట్టుంటుంది. అతనికి పని కావాలి, అది నిజం. పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టడం ఇంకా ప్రమాదం. పెద్దవాళ్ల మధ్య చేసే పని చూడండి, మిల్లో, తాపీ పనో.

ఏడుపు సంగతి. నేనూ ఒకప్పుడు దాన్ని నమ్మినదాన్నే. సైకాలజిస్టుగా చేరిన కొత్తలో ఒకతను నా ఎదుట గంటసేపు ఏడిస్తే "పశ్చాత్తాపం ఉంది, ప్రమాదం తక్కువ" అని రిపోర్టు రాసేశాను. మా పెద్ద డాక్టరుగారు కాగితం తిప్పి ఇచ్చి, "బయటికెళ్లాక పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తాడు, సాయంత్రం ఎవరితో ఉంటాడు? అది రాయలేదేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2005లో కెనడా పరిశోధకులు 82 అధ్యయనాలను కలిపి చూశారు. నేరం ఒప్పుకున్నాడా, బాధితుల మీద జాలి ఉందా అన్నదాన్నిబట్టి మళ్లీ చేస్తాడో లేదో చెప్పడం కష్టమని తేలింది. పిల్లల మీద కోరిక, ఎవరి మాటా లెక్కలేని బతుకు, ఇవే ఎక్కువ పట్టిచ్చాయి. అయిదారేళ్లలో మళ్లీ లైంగిక నేరంలో దొరికినవాళ్లు నూటికి 14 మంది దాకా. అందరూ మళ్లీ చేస్తారన్నది అబద్ధమే. కానీ ఇది దొరికినవాళ్ల లెక్క. మీ మరిది ఏ వైపు ఉన్నాడో నుదురు చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంగ్లండ్ జైళ్లలో ఇలాంటివాళ్లను గుంపుగా కూర్చోబెట్టి, చేసిన తప్పు గురించి మాట్లాడించే చికిత్స పాతికేళ్లు నడిచింది. 2017లో లెక్క తీస్తే, చికిత్స పొందినవాళ్లలో 10 శాతం, పొందనివాళ్లలో 8 శాతం మళ్లీ చేశారు. దాన్ని ఆపేసి, ఇకమీదట ఎలా బతకాలో నేర్పే పద్ధతికి మారారు. నాకు మా పెద్ద డాక్టరుగారు గుర్తొచ్చారు.

ఇంజెక్షన్ గురించి మీ ఆయనకి చెప్పండి: కోరిక తగ్గించే మందులు ఉన్నాయి. కొందరికే పనికొస్తాయి, సైకియాట్రిస్టు చూసి, అతను ఒప్పుకుంటేనే ఇవ్వాలి. మానేస్తే కోరిక మళ్లీ వస్తుంది. బలవంతంగా ఇవ్వడాన్ని, నిర్భయ ఘటన తర్వాత చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ కూడా 2013లో వద్దంది. అతన్ని విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆడవాళ్లే తీసుకెళ్లక్కర్లేదు, మీ ఆయన ఒక్కసారి సెలవు పెట్టి వస్తే మంచిది. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి అతనే ఫోన్ చేసుకోవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ నిద్ర సంగతి కూడా వాళ్లకి చెప్పండి.

1994లో కెనడాలో, జైలు నుంచి వచ్చిన ఒకతన్ని ఊరంతా వెలివేస్తే ఒక చిన్న చర్చివాళ్లు చుట్టూ చేరారు. రోజూ ఎవరో ఒకరు కలిసేవారు, ఎక్కడికెళ్లావని అడిగేవారు. తర్వాత చాలాచోట్ల ఆ పద్ధతి పట్టుకున్నారు. మీ మామగారి వైపు పెద్దలు ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, జరిగింది తెలిసినవాళ్లు. అతని ఎదుటే కూర్చుని మాట్లాడమనండి. పిల్లలకి సెల్లు ఇవ్వకూడదు, బండి మీద ఎక్కించుకోకూడదు, తాగకూడదు. తప్పితే వాళ్లే నిలదీయాలి. నిలదీసే పని మీ నెత్తిన పెట్టుకోకండి, కోడలి మాట ఎంతవరకు సాగుతుందో నాకు తెలుసు. ఆ పాత కేసులో పాప పేరు మాత్రం ఎవరి నోటా రానివ్వకండి.

ఇంట్లో అతను వేరే గదిలో కాదు, వీలైతే వేరే ఇంట్లో పడుకోవాలి. పెదనాన్నగారిల్లో, పాత పెంకుటిల్లో. మీ పాప అతనితో ఒంటరిగా అయిదు నిమిషాలు కూడా ఉండకూడదు, మీ అత్తగారు నిద్రపోతున్నా అది ఒంటరిగా ఉన్నట్టే. పాపని భయపెట్టకుండా, "ఎవరైనా అమ్మకి చెప్పొద్దంటే అదే ముందు అమ్మకి చెప్పాలి" అని చెప్పి పెట్టండి. ఏదైనా చెబితే తిట్టకుండా వినండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. జరిగేదాకా ఆగక్కర్లేదు, జరగొచ్చన్న భయం ఉన్నా చెప్పాలనే పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది.

బడ్డీకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఆ డబ్బు పోతే పోనిమ్మన్నానని మీ అత్తగారితో నా మాటగా చెప్పండి.