మీటరులో 3.8 ఉంది, రొయ్య మాత్రం పైకి తేలింది

ప్రశ్న: మేం ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో. సముద్రతీరాన ఉన్న నిజాంపట్నం దగ్గర రెండు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేశాం. ఉప్పదనం 20 పీపీటీ (వెయ్యి పాళ్లలో 20 పాళ్ల ఉప్పు). నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే కొత్త డీవో మీటరు కొని, ఇంట్లోనే గాలిలో 100 శాతానికి కాలిబ్రేషన్ చేసి (సరిచేసి) పంపాను. మొన్న తెల్లవారుజామున నాలుగింటికి మా కుర్రాడు గట్టు మీద నుంచి కొలిస్తే లీటరుకు 3.8 మిల్లీగ్రాములు చూపించింది. అప్పటికే రొయ్యలు గట్టువారన తేలుతున్నాయట. మీటరు పాడైందా? ఎలా పరీక్షించుకోవాలి?
– ఒక రైతు, హైదరాబాద్

జవాబు: మీటరు, రొయ్య చెరో మాట చెబితే ముందు రొయ్యనే నమ్మండి. అది పైకి తేలుతోందంటే ఆక్సిజన్ చాలడం లేదేమో అనుకోవాలి. మీ మీటరు పాడై ఉండకపోవచ్చు. దాన్ని నిజాంపేటలో సరిచేసి నిజాంపట్నంలో వాడటమే చిక్కు తెచ్చిందని నా అనుమానం.

సెన్సారు నేరుగా మిల్లీగ్రాములు కొలవదు. ఆక్సిజన్ పీడనాన్ని పసిగట్టి, నీటి వేడి, ఉప్పదనం, గాలి పీడనం కలిపి లెక్క కట్టి చూపిస్తుంది. సముద్రమట్టంలో గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ 710-715 దగ్గరే ఉంటుంది. 30 డిగ్రీల మంచినీరు తీరంలో లీటరుకు 7.56 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే ఇక్కడ 7.1 దాటదు. మీటరులో బారోమీటర్ (గాలి పీడనం కొలిచేది) లేకపోతే ఆ 7.1నే 7.56 అనుకుంటుంది. ఇక చెరువు దగ్గరికి వెళ్లాక కొలిచిన ప్రతిసారీ ఆరేడు శాతం ఎక్కువ చెబుతుంది. మొదట్లో నేనూ ఇలాగే ల్యాబ్‌లో సరిచేసిన మీటరు పట్టుకుని తీరానికి వెళ్లి ఒక పూటంతా తికమక పడ్డాను.

రెండోది ఉప్పదనం. 20 పీపీటీ నీళ్లు అదే వేడిలో 6.7-6.8కి మించి పట్టుకోలేవు. సెట్టింగ్‌లో ఉప్పదనం సున్నా అని ఉంటే మీటరు మంచినీటి లెక్కే వేస్తుంది. రెండు తప్పులూ ఎక్కువ వైపే లాగుతాయి. రెండూ జరిగి ఉంటే మీ 3.8 అసలు 3.2 దగ్గరే. అదీ పైనీటి లెక్క. రొయ్య ఉండేది అడుగున, అక్కడ ఇంకా తక్కువ ఉంటుంది. అందుకే ప్రోబును (నీళ్లలో ముంచే సెన్సారు కొసను) అడుగుకు జానెడు పైదాకా దించి కొలవమనండి.

పరీక్ష గట్టు మీదే చేయండి. ఒక సీసా అడుగున తడి స్పాంజి పెట్టి, ప్రోబు మీద చుక్క నీరు లేకుండా తుడిచి, నీడలో పదిహేను నిమిషాలు ఉంచండి. మూత బిగించకండి. 106, 107 శాతం అని చూపిస్తే దోషం హైదరాబాద్‌దే అని తేలిపోతుంది. అక్కడే మళ్లీ 100కి సరిచేసి, ఉప్పదనం 20 అని కొట్టండి. మీ పక్కనే ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లకు సమాచారం పంపే ఆర్గో ఫ్లోట్లలో (సముద్రంలో మునిగి తేలుతూ కొలతలు తీసే పరికరాల్లో) ఆక్సిజన్ సెన్సారున్న కొన్ని కూడా పైకి తేలినప్పుడు గాలిని కొలుస్తాయి, సెన్సారు దారి తప్పిందేమో ఆ లెక్కతోనే సరిచూస్తారు.

తర్వాత సున్నా పరీక్ష. అర లీటరు నీళ్లలో, అందులోని ఆక్సిజన్‌ను తినేసే సోడియం సల్ఫైట్ రెండు టీస్పూన్లు కలిపి ప్రోబు ముంచితే, ఐదారు నిమిషాల్లో 0.2 లోపుకు దిగాలి. క్లోరిన్ విరగ్గొట్టడానికి వాడే థయోసల్ఫేట్ ఇది కాదు, షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త. పరీక్షయ్యాక ప్రోబును బాగా కడగండి.

సున్నాకు దిగకపోతే, మీది పొర ఉండే రకమైతే ఆ పొరను వెలుతురుకు పెట్టి చూడండి. కింద ఆవగింజంత గాలి బుడగ ఉన్నా రీడింగ్ నిలవదు, పొర లోపలి ద్రావణం మార్చి కొత్త పొర వేయాలి. ఈ రకాన్ని నీళ్లలో మెల్లగా ఆడిస్తూ కొలవాలి, ఎందుకంటే అది ఆక్సిజన్‌ను కాస్త తినేస్తుంది, కదపకపోతే తక్కువ చూపిస్తుంది. వెలుతురుతో కొలిచే ఆప్టికల్ రకానికి ఆ బాధ లేదు కానీ క్యాప్ మీద నాచు పట్టేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడవండి, గీకొద్దు.

ఇంకా అనుమానం ఉంటే, ఆక్సిజన్‌ను మందులతో కొలిచే వింక్లర్ పరీక్ష ల్యాబ్‌లో చేయించండి. 1888 నాటి పద్ధతే అయినా మీటర్ల తగువు తీర్చేది ఇప్పటికీ అదే. బుడగ రాకుండా సీసా నింపి, మొదటి రెండు మందులు గట్టు మీదే కలిపేయండి. అలా చేయకపోతే ల్యాబ్‌కు చేరేలోపు నీళ్లలోని ప్లాంక్టన్ (కంటికి కనిపించని సూక్ష్మజీవాలు) ఆక్సిజన్ తాగేస్తుంది.

ఇవన్నీ తేలేవరకు మీటరు 5కి దిగగానే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేయమనండి. రొయ్య మళ్లీ తేలితే ఏరేటర్లన్నీ వేసి మేత ఆపేయాలి. గాలిలో, సల్ఫైట్‌లో ఎంతెంత వచ్చిందో మీటరు రకంతో సహా రాసి పంపండి, చూసి చెబుతాను.